ముట్లుడిగిన వేళ: మొదటి మూడు నెలలు

శివపూజకు మొగలిపూవు పనికిరాదని పురాణములు చెప్పుచున్నవి. బ్రహ్మ పక్షమున అబద్ధపు సాక్ష్యము పలికినందున దానికి శాపము తగిలినదట. కాని జహీరాబాదు ప్రాంతమున, ఝరాసంగమునందు వెలసిన కేతకీ సంగమేశ్వరునకు ఆ మొగలిపూవే ప్రీతిపాత్రము. స్వామి పేరులోనే అది చేరిపోయినది. ఇతరచోట్ల వెలివేయబడిన దానికి ఆదరము చూపిన ఊరు గనుక, పత్రికలలోను పాఠశాలలలోను సాధారణముగా వెలియైన ఒక విషయమును ఆ ఊరి పేరు చెప్పి ప్రస్తావించుట అనుచితము కానేరదు. ఆ విషయము స్త్రీలకు ముట్లుడుగు దశ. ఆ దశయందు కొందరికి వైద్యులిచ్చు హార్మోను చికిత్స. ఆ చికిత్స ఆరంభమున కలుగు ఇబ్బందులు.

ఆడపిల్ల పుష్పవతియైన నాడు తెలుగునాట పండుగ చేయుదురు. చాప వేసి కూర్చుండబెట్టుదురు, చిమ్మిలి పెట్టుదురు, పేరంటాండ్రను పిలుతురు, మేనమామ చీర తెచ్చును. ఆ ఋతుక్రమము ముప్పది యేండ్లకు పైగా నడచి ఆగిపోయిన నాడు మాత్రము ఇంటిలో ఎవ్వరికిని తెలియదు. అది పండ్రెండవయేట మొదలై ఏబదవయేట ముగియునని సుశ్రుతుడు ఏనాడో చెప్పినాడు. నేటి లెక్కలలో భారతదేశమున స్త్రీలకిది సగటున 46, 47 ఏండ్లకే వచ్చుచున్నది. వరుసగా పండ్రెండు నెలలు ముట్టు కానిచో ముట్లుడిగినట్లు వైద్యులు నిర్ణయింతురు. అండాశయములు ఈస్ట్రోజెన్ అను హార్మోనును తయారు చేయుట మానుకొనుటయే దీనికి కారణము. ఆ హార్మోను గర్భసంచికి మాత్రమే సంబంధించినది కాదు. ఎముకల గట్టిదనము, రక్తనాళముల ఆరోగ్యము, నిద్ర, మనసు కుదురు, ఒంటి వేడిమిని సరిచూచు మెదడులోని కేంద్రము, ఇన్నింటికిని దానితో పని యున్నది. అది తగ్గగానే ఒడలు కాగినట్లగును. ముఖమున ఆవిరులు గ్రమ్మును. అర్ధరాత్రి చెమటతో మెలకువ వచ్చును. గుండెదడ, కీళ్ళ నొప్పులు, చిరాకు, మరపు వెంట వచ్చును.

నలువది యేడేండ్ల ఉపాధ్యాయిని ఎనిమిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఈ ఆవిరి వచ్చినదనుకొనుడు. ఆమె కొంగుతో ముఖము తుడుచుకొని నల్లబల్ల వైపు తిరుగును. వ్రాయబోయిన పేరు గుర్తునకు రాదు. పిల్లలు నవ్వుదురు, ఈ నడుమ టీచరుగారికి కోపమెక్కువైనదని ఇంటికి పోయి చెప్పుదురు. ఆ పిల్లలలో కొందరి తల్లులకు, వయసు ముప్పదియైదు దాటకుండగనే, ఇదే బాధ ఇంటిలో నడచుచుండును. ముప్పదియైదేండ్లకు ముట్లుడుగుట ఏమని బాలబాలికలు ఆశ్చర్యపడవచ్చును. తెలుగు పల్లెల విషయమున అది ఆశ్చర్యము కాదు.

జాతీయ కుటుంబారోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశము మొత్తము మీద నూటికి 3.3 మంది. తెలంగాణమున 8.2 మంది, ఆంధ్రప్రదేశమున 8.7 మంది. తెలుగువారు దేశమున ముందున్న విషయములలో ఇదియొకటి. గర్వింపదగినది మాత్రము కాదు. తెల్లబట్టయో, అధిక రక్తస్రావమో, నడుము నొప్పియో కారణముగా వైద్యుని కడకు పోయిన స్త్రీకి, మందులతో నయమగు జబ్బునకే, సంచి తీసివేసిన పీడ వదలునను సలహా దొరకుట ఇచ్చట దశాబ్దములుగా సాగిన వ్యవహారము. తీయనిచో క్యాన్సరు వచ్చునను భయము తోడుగా నిలిచినది. బిడ్డలు పుట్టి, పిల్లలు కాకుండ ఆపరేషను కూడ అయిన పిదప ఆ సంచితో పనియేమి అను మాట ఇంటివారి నోటను, ఇరుగు పొరుగుల నోటను వినవచ్చును. హైదరాబాదు వైద్యులు డాక్టరు ఎస్.వి. కామేశ్వరి, డాక్టరు వింజమూరి ప్రకాశ్ గారలు అనవసరమైన ఈ ఆపరేషనులను పరిశీలించి 2009లోనే హెచ్చరించిరి. డాక్టరు నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యముపై 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, ఇట్టి ఆపరేషనులను అరికట్టు మార్గదర్శకములను మూడు నెలలలో అమలు చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది.

తీసివేసినది తిరిగి రాదు. సంచితోబాటు అండాశయములను కూడ తీసివేసినచో ఆ స్త్రీకి ముట్లుడుగు దశ మెల్లమెల్లగా గాక, ఆపరేషనయిన కొలదిరోజులలోనే వచ్చి పడును. అండాశయములను ఉంచినను అవి కొంత ముందుగా అలసిపోవు అవకాశము కలదు. ముప్పదియైదవ యేట ఈస్ట్రోజెన్ లేకుండ పోయిన స్త్రీ, సహజముగా అది తగ్గవలసిన వయసు వచ్చువరకు పదేండ్లకు పైగా, బోలుపడు ఎముకలతో చెలకలో వంగి కలుపు తీయవలసి యుండును. నలువది యేండ్లలోపు ఈ స్థితి వచ్చినవారికి, వేరే అడ్డంకి లేనిచో, సహజముగా ముట్లుడుగు వయసు వరకైనను హార్మోనులు ఇవ్వవలెనని వైద్యశాస్త్రము నేడు నిస్సందేహముగా చెప్పుచున్నది. చికిత్స అత్యవసరమైనవారు వీరే. దాని పేరైనను విననివారు కూడ ఎక్కువగా వీరే.

విన్నవారికి భయము. ఆ భయము ఊరక పుట్టినది కాదు. 1942లో అమెరికాలో, చూలు గుఱ్ఱముల మూత్రము నుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర అమ్మకమునకు వచ్చినది. 1966లో రాబర్టు విల్సన్ అను వైద్యుడు, ముట్లుడుగుటయే ఒక జబ్బనియు, ఈ మాత్ర నిత్యయౌవనమనియు ఒక పుస్తకము వ్రాసి ప్రచారము చేసినాడు. ఆయన వెనుక మందుల కంపెనీల ధనమున్నదని తరువాత బయటపడినది. 1975లో, ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చినచో గర్భసంచి లోపొరకు క్యాన్సరు వచ్చు ప్రమాదము హెచ్చునని తేలినది. నాటి నుండి సంచి ఉన్నవారికి ప్రొజెస్టిరాన్ జాతి మందు కూడ చేర్చి ఇచ్చుచున్నారు. సంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలును. 2002లో, 16,608 మందిపై నడచుచున్న అమెరికా పరిశోధనను నడుమనే ఆపివేసిరి. రెండు హార్మోనులు వాడినవారిలో ఏటికి పదివేలమందికి ఎనమండుగురు చొప్పున రొమ్ము క్యాన్సరు అదనముగా కనబడినది. గుండెపోటు, పక్షవాతము, రక్తపుగడ్డలు కూడ కొంత హెచ్చినవి. వార్త ప్రపంచమంతట ప్రాకినది. చాలమంది మాత్రలు మానివేసిరి. ఆ స్త్రీల సగటు వయసు 63 అను సంగతి మాత్రము వార్తతోబాటు ప్రాకలేదు! అరువది యేండ్లలోపు, లేక ముట్లుడిగిన పదేండ్లలోపు మొదలిడిన ఆరోగ్యవంతులలో చాలమందికి కీడు కన్న మేలే ఎక్కువయని తరువాతి పరిశీలనలు తేల్చినవి. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, ఈ మందుల పెట్టెలపై నున్న తీవ్రమైన హెచ్చరికలలో అధిక భాగమును తొలగించుటకు పూనుకొన్నది.

అట్లని అందరును మాత్ర మ్రింగవలసిన పనిలేదు. బాధ స్వల్పమైనవారికి అది అక్కరలేదు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తనాళములలో గడ్డకట్టినవారికి, కాలేయము చెడినవారికి, కారణము తెలియని రక్తస్రావము ఉన్నవారికి సాధారణముగా ఇది ఇవ్వరు. విల్సన్ చెప్పిన నిత్యయౌవనము ఎంత అబద్ధమో, హార్మోను అనగానే విషమను మాట అంత అబద్ధము.

మందు మొదలుపెట్టిన స్త్రీ నెల తిరుగకుండగనే దానిని మానివేయుటకు పరిశోధనల భయము కన్న దగ్గరి కారణములున్నవి. హార్మోను లేక కొన్ని నెలలో, ఏండ్లో గడపిన శరీరమునకు దానిని మరల అలవాటు చేయుటకు వ్యవధి పట్టును. తొలి వారములలో రొమ్ములు బరువెక్కి నొప్పి పెట్టవచ్చును. కడుపులో వికారము, ఉబ్బరము, తలనొప్పి, పిక్కలు పట్టుట కలుగవచ్చును. ఆవిరులు తగ్గుటకు కొన్ని వారములు పట్టును. పూర్తి ఫలము తెలియుటకు మూడు నెలలు. అనగా కష్టము ముందు కనబడి, సుఖము వెనుక వచ్చును. ఈ వరుస ముందుగా చెప్పనిచో ఏ రోగి మాత్రము ఓపిక పట్టగలదు?

తెలుగువారికి ఈ కష్టమునకు సిద్ధముగా ఒక పేరు కలదు: మందు వేడి చేసినది. ముట్లుడుగు దశలో వచ్చు ఆవిరులను సయితము వేడి చేసినదనియే చెప్పుకొని మజ్జిగ త్రాగి, సబ్జాగింజలు నానవేసికొని గడుపుచున్నారు. ఆ వేడి తగ్గుటకని ఇచ్చిన మాత్రయే వేడి చేసినదని తోచినపుడు అది పెరటిలోనికి పోవును. ఇందులో స్త్రీల అజ్ఞానమును నిందించుట తేలిక. చీటీ వ్రాసి పంపినవారు నాలుగు మాటలు చెప్పియుండిన, ఆ పేరు పెట్టవలసిన అవసరమే రాకపోవును. వికారమైనచో మాత్రను రాత్రి భోజనముతో వేసికొనవచ్చును. ప్రొజెస్టిరాన్ కొందరికి మగత తెచ్చును గావున పడుకొనబోవుముందు వేసికొనుట మేలు. మాత్ర పడనివారికి చర్మముపై అంటించు పట్టీ, పూసికొను జెల్ ఉన్నవి. రక్తము గడ్డకట్టు ప్రమాదము వీనితో మాత్రకన్న తక్కువ.

అన్నింటికన్న చిక్కైనది రక్తపు మచ్చ. గర్భసంచి ఉన్న స్త్రీకి మందు మొదలిడిన మూడు నుండి ఆరు నెలల వరకు అప్పుడప్పుడు మచ్చ కనబడుట సాధారణము. ముట్లు ఇంకను పూర్తిగా నిలువనివారికి ఇచ్చు పద్ధతిలో నెలనెలా స్రావమగుట ఆ పద్ధతిలోని భాగమే. వైద్యునకిది చిన్న విషయము. ఇంటిలో చిన్న విషయము కాదు. ముట్టు, మైల పాటించు కుటుంబములలో, ఆ ఆంక్షల నుండి విముక్తురాలనైతినని ఊపిరి పీల్చుకొన్న స్త్రీ, మరల గుడికి దూరముగా, పూజగదికి దూరముగా నిలువవలసి వచ్చును. ఈ వయసులో ఇదేమి విడ్డూరమని కోడండ్రు గుసగుసలాడుదురు. ఆమె మనసులో క్యాన్సరు భయము, పైన ఈ అవమానము. ఏ వైద్యగ్రంథమును ఈ రెండవదానిని దుష్ఫలితముల పట్టికలో చేర్చలేదు. మందు మానివేయుటకు ఇదియొక్కటే చాలును.

ఓర్చుకొనదగినవానిని, ఓర్చుకొనరానివానిని వేరు చేసి చెప్పుట కూడ అవసరము. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టుట, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసము, ఎన్నడు నెరుగని తలనొప్పి, చూపు మసకబారుట, మాట తడబడుట—వీనికి మూడు నెలల గడువు వర్తింపదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఆరు నెలలు దాటియు మచ్చ కనబడినను, నిలిచిపోయిన స్రావము మరల వచ్చినను పరీక్ష చేయించుకొనవలెను.

ఈ మాటలు ఎవరు చెప్పవలెను? ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వరుసలో నిలిచిన జనము నడుమ వైద్యునకు తీరిక దొరకదు; దొరకినను ఆయన పుస్తకభాష ఆమెకు సగమే అందును. ఇచ్చట ఝరాసంగమునకు పెక్కు మండలములకు లేని ఒక సాధనమున్నది. ఈ మండలములోని మాచునూరు గ్రామమున 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రసారములు మొదలిడినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములలోని దళిత స్త్రీలు నడపుటకు పూనుకొన్న రేడియో అది. లైసెన్సు వచ్చుటకు పదేండ్ల ముందు నుండియే వారు కార్యక్రమములను ధ్వనిముద్రణ చేయుచుండిరి. జొన్న, కొఱ్ఱ, కంది విత్తనములను గూర్చి, పండుగపాటలను గూర్చి, పెరటి మందులను గూర్చి తమ యాసలోనే తాము మాట్లాడుకొనిరి. కన్నడ, ఉరుదూ మాటలు కలిసిన ఆ సరిహద్దు తెలుగులో ఒక స్త్రీ, ఆవిరులు వచ్చిన రాత్రి తాను పడిన అవస్థను చెప్పినచో, అది పది కరపత్రములు చేయలేని పని చేయును. పాఠశాలలకును ఇందు వాటా ఉన్నది. పాఠ్యగ్రంథములలో రజస్సు ప్రారంభమునకు దొరకిన స్థలము దాని ముగింపునకు దొరకలేదు. జీవశాస్త్ర ఉపాధ్యాయులు అదనముగా ఒక గంట దీనికి వెచ్చించినచో, ఇంటిలో అమ్మ చిరాకునకు కారణము పిల్లలకు తెలియును. సంచి తీయించుకొమ్మని ఎవరైన సలహా చెప్పిన నాడు, అండాశయములను ఉంచుదురా తీయుదురా అని అడుగువారు ఇంటికొకరైన ఉందురు.

మైకు ముందు కూర్చున్న స్త్రీ మొదట చెప్పవలసినది మందు పేరు కాదు. అది వైద్యుని పని. గోడమీది కేలెండరులో మందు మొదలిడిన తేదీకి గుర్తు పెట్టుకొమ్మని చెప్పవలెను. మచ్చ కనబడిన నాడొక చుక్క, రొమ్ము నొప్పి ఉన్ననాడొక గీత, చెమట పట్టక నిద్రపోయిన నాడొక సున్న. అక్షరము రానివారికిని ఇది వచ్చును. మూడవ నెల చివర ఆ కాగితము చేతబట్టుకొని జహీరాబాదు బస్సెక్కిన స్త్రీకి, వైద్యుని ఎదుట సిగ్గుతో నోట చెప్పవలసిన మాటలు సగము తగ్గును. మోతాదు తగ్గించుటయో, మాత్రకు బదులు పట్టీ ఇచ్చుటయో, మరి కొన్నాళ్ళు అదియే వాడుమనుటయో వైద్యుడు ఆ చుక్కలను, గీతలను లెక్కించి నిర్ణయింపవచ్చును.