కొలత తప్పిన నకలు

నకలంటే అచ్చు గుద్దినట్టు ఉండాలని మన లెక్క. మధ్యయుగపు యూరప్ లెక్క వేరని 1942 నాటి ఒక వ్యాసంలో తేల్చి చెప్పిన చరిత్రకారుడు రిచర్డ్ క్రౌట్‌హైమర్. జర్మనీలోని పాడర్‌బోర్న్ బిషప్ మైన్‌వెర్క్ సంగతే చూడండి. జెరూసలేంలో క్రీస్తు సమాధి మీదున్న చర్చిలాంటిదే తన ఊళ్లోనూ కట్టాలనుకుని, కొలతలు తెమ్మని ఒక మఠాధిపతిని అంత దూరం పంపాడు. తీరా 1036లో ప్రతిష్ఠ జరిగిన చర్చి ఎనిమిది పలకలది. అక్కడి అసలు కట్టడమేమో గుండ్రం! మన కంటికిది మేస్త్రీ పొరపాటు. క్రౌట్‌హైమర్ అలా కొట్టిపారేయలేదు. పేరు, ఒకటి రెండు కొలతలు, స్తంభాల సంఖ్య లాంటివి కొన్ని కలిస్తే చాలు, ఆనాటి భక్తుడికి పోలిక కుదిరినట్టే అన్నారు. ఇదే మాట ఇంకెవరన్నా అంటే కుర్చీలో కూర్చుని చెప్పిన కబురనుకునేవాణ్ణి. ఈయన రోమ్‌లోని పాత చర్చిల గోడలకు టేపు పట్టి, ఇటుక వరసలు లెక్కబెట్టిన మనిషి. ఆ చర్చిల మీద 1937లో వెలువడటం మొదలైన ఆయన గ్రంథం ఐదు సంపుటాలై 1977కి గానీ పూర్తికాలేదు. జర్మనీలోని ఫ్యూర్త్‌లో 1897లో పుట్టిన యూదుడాయన. నాజీలొచ్చాక దేశం విడిచి అమెరికా చేరారు. యుద్ధకాలంలో రోమ్ విమాన ఫొటోలు ముందేసుకుని, బాంబులు పడకూడని పాత కట్టడాలను గుర్తించే పనీ చేశారు. చివరికి ఆ రోమ్‌లోనే, 1994లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.