జంతులోకము: పొరపాటు పేరుతో పెరిగిన ప్రాణి



మాఘమాసమున తెల్లవారుజామున నందిగామవద్ద మునేటి యొడ్డునకు బోయినవారికి మంచుతెర యెట్లుండునో తెలియును. జగ్గయ్యపేట చెంత పాలేటిగట్టునను నంతే. ఎదుటి మనిషి కానరాదు. ప్రొద్దెక్కగానే యా తెర విడిపోవును. అట్టి మంచు ఏడాది పొడుగునను చెట్లను చుట్టుకొనియుండు నడవులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములపై గలవు. వానిని మేఘారణ్యము లందురు.

2013వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన, మనము స్వాతంత్ర్యదినోత్సవము జరుపుకొనుచున్న నాడే, ఆ యడవులలోని యొక చిన్నజంతువును శాస్త్రజ్ఞులు క్రొత్తజాతిగా ప్రకటించిరి. దానిపేరు ఒలింగిటో. కొలంబియా, ఈక్వెడార్ దేశములలో 5,000 మొదలు 9,000 అడుగుల యెత్తున నివసించును. బరువు సుమారు 900 గ్రాములు. ఎఱ్ఱచాయగల దట్టమైన బొచ్చు, గుండ్రని కన్నులు, పొడుగుతోక. రాత్రివేళ కొమ్మనుండి కొమ్మకు దాటుచు ఆహారము వెదకికొనును. మాంసభక్షకుల గణమున బుట్టియు ముఖ్యముగా పండ్లతోనే పొట్టపోసికొనుట వింతగదా! కాన్పునకు పిల్ల యొక్కటే.

దీనిని గుర్తించినది మొదట అడవిలో గాదు. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన క్రిస్టఫర్ హెల్గెన్, షికాగో మ్యూజియములో సొరుగులనుండి తీసిన పాతచర్మములను, పుర్రెలను జూచుచు, ఒలింగో అను జంతువువని వ్రాసియుంచిన వానిలో కొన్ని వేఱుగా నున్నట్లు కనుగొనెను. పుర్రె చిన్నది, పండ్లతీరు వేఱు, బొచ్చు నిడుద. పిమ్మట 2006లో ఆయన మిత్రులతో ఈక్వెడార్ అడవికేగి ప్రాణముతో నున్నదానిని జూచెను. అప్పటికే దాని కనువైన యడవిలో నూటికి 42 వంతులు పొలములుగను ఊళ్ళుగను మారిపోయినవని లెక్కతేలినది.

ఇంతకన్న మనసు కలచు సంగతి యొకటి గలదు. 1960, 70 దశకములలో రింగర్ల్ అను ఆడ ఒలింగిటో అమెరికా జంతుప్రదర్శనశాలలలో నుండెను. అందరును దానిని ఒలింగో యనియే తలచిరి. మగ ఒలింగోలతో జతగూర్చిరి. పిల్లలు కలుగలేదు. ఒక చోటినుండి మఱియొక చోటికి మార్చిరి. ఫలము లేదు. అది పెంకిదనుకొనిరేగాని, దానిజాతియే వేఱేమో యని యెవ్వరికిని తోపలేదు. నిజము తేలునప్పటికి రింగర్ల్ లేదు.

ఇది చదివినప్పుడు మన యిండ్ల ముచ్చట జ్ఞప్తికి రాకమానదు. పెండ్లియై రెండేండ్లు నిండకమునుపే కోడలి కడుపు పండలేదని మూతివిఱచువారు నేటికిని గలరు. వైద్యపరీక్ష ఆలుమగ లిరువురకును కావలెనని డాక్టర్లు చెప్పుచున్నను, ఆసుపత్రి గడప ముందుగా నెక్కునది ఆమెయే. మ్రొక్కులును, ఉపవాసములును ఆమెకే. ఆ మూగజీవి నోరు విప్పి చెప్పుకొనలేకపోయెను. మన కోడలికి నోరున్నది. ఆమె మాట వినుటకు అత్తగారొక్క రుండిన చాలును.