మా అమ్మ ఏడవని సీను

మా స్కూల్లో నాకో పేరుంది. 'రాతిగుండె మేడమ్' అంటారు. సినిమాలో ఎంత పెద్ద ఏడుపు సీనొచ్చినా నా కంట్లో చుక్క రాదని. సోమవారం పొద్దున స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు "రెండు కర్చీఫులు తడిసిపోయాయండీ" అని మొదలెడతారు. నేను నోటుపుస్తకాలు దిద్దుకుంటూ వింటుంటా. ఈ రాయి ఎక్కడిదో ఇప్పుడు చెప్తా.

1995 క్రిస్మస్. నాకు ఎనిమిదేళ్ళు. గుంటూరు జిల్లాలో ఒక ఊరి మాదిగపల్లె మాది. చందాలేసుకుని డెక్కు తెచ్చారు. టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు, రాత్రంతా కలిపి అద్దె. చర్చి ముందు బల్ల మీద టీవీ పెట్టారు. మొదటి ఆట 'కరుణామయుడు'. అది మారదు. విజయచందర్ సిలువ మోస్తుంటే పల్లె పల్లంతా ఏడ్చింది. అది భక్తి, దాని జోలికి నేను పోను. రెండో ఆట 'మాతృదేవోభవ'. తల్లికి బ్లడ్ క్యాన్సర్. చచ్చిపోయేలోపు పిల్లల్ని తలా ఒక ఇంటికి పెంపకానికి ఇచ్చేస్తుంది. అవిటి పిల్లాణ్ణి మాత్రం ఎవరూ తీసుకోరు. ఆడవాళ్ళు పైట చెంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. మా అమ్మ మాత్రం లేచి ఇంటికి నడిచింది.

నేను వెనకాలే పోయా. అమ్మ గడపలో కూర్చుంది.

"ఏడుపొస్తందా అమ్మా?" అన్నా.

"నాకేం ఏడుపు! ఆ పిలకాయలు అన్నం పెట్టే ఇళ్ళకే పోతన్నారుగా. కన్నబిడ్డల్లే చూసుకుంటామని తీసకపోతన్నారుగా. పండగ పూట మీ అన్న యాడ పడుకున్నాడో" అంది.

మా అన్న ఆసామి గొడ్లచావిట్లో పడుకున్నాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. పదో ఏటనే పాలేరుకి పెట్టారు. మా అయ్యకి క్షయ, మందులకి చేసిన అప్పు. ఏడాదికి రెండు వేలు, రెండు జతల బట్టలు, ఒక జత చెప్పులు. అదీ వాడి ఖరీదు. పంపే రోజున అమ్మ వాడికి నూనె రాసి తల దువ్వింది. అంతే. ఆ సినిమాలో వేటూరి రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చింది. మా అన్న చావిట్లోకి అడుగుపెట్టినప్పుడు గేదెలు తలెత్తి చూశాయి.

మన సినిమాల్లో ఏడుపు ఎవరికి దక్కుతుందో కాస్త గమనించండి. ఉన్నవాడు లేనివాడయితే ఏడుపు. జమీందారు మేడ అమ్ముకుంటే ఏడుపు. ఊరి పెద్ద ఇల్లు రెండుగా చీలితే ఏడుపు. పైనుంచి పడ్డవాడికే చప్పుడు. తరతరాలుగా కిందే ఉన్నవాడు ఇంకెక్కడికి పడాలి? వాడి మీద తీయడానికి సీనేదీ?

పైగా మన చేతే వాళ్ళ కోసం ఏడిపించారు. 'పెదరాయుడు' 1995లోనే వచ్చింది. తీర్పు చెప్పే ఊరి పెద్దగా రజనీకాంత్ చచ్చిపోతుంటే నేల క్లాసులో మనవాళ్ళు భోరుమన్నారు. మా అన్న ఆ సినిమా కోసమే ఒక రాత్రి చావిడి వదిలేసి, ఎవరికీ చెప్పకుండా టౌనుకి ఏడు మైళ్ళు నడిచి సెకండ్ షో చూశాడు. తెల్లారేసరికి గేదె తాడు తెంచుకుని ఎవరిదో మినపచేలో పడింది. మా ఊరి పెదరాయుడు రచ్చబండ మీద కూర్చున్నాడు. దగ్గుతున్న మా అయ్య తువ్వాలు నడుంకి చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ఐదొందలు జరిమానా. అన్న జీతంలో పావు వంతు! తెర మీద అదే తీర్పుకి ఈలలేసి, అదే పెద్దమనిషి చావుకి ఏడ్చింది మనమే. నవ్వాలా, తిట్టాలా?

సినిమా హాలు అందరిదీ అంటారు. మా అయ్యని అడిగితే తెలిసేది. చేతిలో డబ్బులున్నా మా అయ్య నేల టిక్కెట్టే కొనేవాడు. కుర్చీల్లో ఆసాములుంటారు. 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లోనే. చదువుకున్న మాల కుర్రాడి కాలు ముందు సీట్లో రెడ్ల కుర్రాడికి తగిలింది. ఆ జులైలో కాలు తగిలింది, ఆగస్టు 6న ఎనిమిది మందిని వేటాడి నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చుండూరు తర్వాత మా అయ్య హాలుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ నాకొక్కటే మాట చెప్పేవాడు. "పాపా, కాళ్ళు ముడుచుకుని కూచో." ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఎమ్మే, బీఈడీ. విజయవాడ మల్టీప్లెక్స్‌లో నా డబ్బులతో టిక్కెట్టు కొనుక్కున్నా నా కాళ్ళు వాటంతటవే సీటు కిందకి ముడుచుకుపోతాయి. కాళ్ళ మీద ధ్యాస ఉన్నవాళ్ళకి కళ్ళెప్పుడు తడుస్తాయండీ?

మన కోసం ఏడ్చిన సినిమాలు లేవా అంటారు. ఉన్నాయి. 1938 'మాలపిల్ల' నుంచీ ఉన్నాయి. అందులో కూడా శాస్త్రిగారి మనసు మారాలంటే ఆయన భార్యని మంటల్లోంచి మనవాడొకడు కాపాడాల్సొచ్చింది. మనం కాలాలి, లేదా చావాలి. అప్పుడు కరుగుతారు.

2018 మార్చి ఆఖర్లో 'రంగస్థలం' వచ్చింది. మా స్టాఫంతా కలిసి వెళ్ళాం. కుమార్‌బాబు శవం, తమ్ముడి ఏడుపు, చంద్రబోస్ పాట. నా పక్క సీట్లో మా సీనియర్ టీచరు వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ళది ఫలానా కులమని సినిమా తేల్చి చెప్పదు. చెప్పకపోబట్టే అంత హాయిగా ఏడవగలిగిందని నా అనుమానం. పెద్దకులం అమ్మాయిని ప్రేమించినందుకు ఆమె తండ్రే చంపించాడని చివర్లో తేలుతుంది. దానికీ ఏడ్చింది.

ఆ సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికారు. ఆసుపత్రి ముందు, కడుపుతో ఉన్న భార్య పక్కన నడుస్తుండగా, వెనకనించి. సోమవారం స్టాఫ్‌రూమ్‌లో అదే టీచరు టీ తాగుతూ, "అంతా నిజమే గానీ, కన్నతండ్రి కడుపుకోత కూడా ఆలోచించాలి కదండీ" అంది.

"మార్చిలో మీరు ఏడ్చింది ఎవరి కోసమండీ? ప్రకాశ్‌రాజ్ కోసమా?" అన్నా.

"అది సినిమా మేడమ్" అంది, నాకేదో తెలియనట్టు జాలిగా చూసి.

ఆ ఒక్క మాటలో ఉంది మొత్తం. ఏడుపు టిక్కెట్టు డబ్బులకి వస్తుంది, లైట్లు వెలగ్గానే ఆగుతుంది. బయట ఆ సీనే నెత్తురుతో జరిగితే జాలి పొయ్యి తండ్రి ఒళ్ళో వాలుతుంది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రోజు మా స్టాఫ్‌రూమ్‌లో ఎండల గురించి మాట్లాడుకున్నారు.

నాగరాజ్ మంజులే 'సైరాట్' (2016) ముగింపు చూశారా? చంపేశాక పాట లేదు, మాట లేదు, చప్పుడే లేదు. నెత్తురు తొక్కిన పసివాడి పాదాల గుర్తులు. ఏడ్చి కడిగేసుకోడానికి సందివ్వడు. దాన్ని నేను ఫోన్లో చూశా. అప్పుడు కూడా ఏడవలేదు. కోపమొచ్చింది.

నా దగ్గర చదువుకున్న పిల్లాడొకడు ఇప్పుడు షార్ట్ ఫిలిమ్ తీశాడు. మన పల్లె కథే. చూపించి, "ఏడుపొచ్చిందా మేడమ్?" అన్నాడు. చివర్లో మనవాణ్ణి చంపేశాడు. ఎందుకు చంపావురా అంటే, "చంపితేనే గదా మేడమ్, వాళ్ళు ఏడ్చేది" అన్నాడు. వాడి తప్పు కాదు, మేం చూపించిన దారే. మనల్ని బతికించి ఒకటి తియ్యరా, వాళ్ళు ఏడవకపోతే పోనీ, ఇబ్బందిగా సీట్లో కదలనీ అన్నా. తీస్తానన్నాడు. కెమెరా అద్దెకి డబ్బులడిగాడు, ఇచ్చా.

మా అన్న 'రంగస్థలం' నాకంటే ముందే చూశాడు. ఇప్పుడు ఆటో తోలతాడు, సినిమా పిచ్చి తగ్గలేదు. ఏడ్చావా అన్నా అని అడిగా.

"నేను తెర చూస్తేగా! ఆ సీన్లో హాలంతా ముక్కులు చీదుతుంటే ఎవరా అని చూశా. రెండు వరసల ముందు మన ఆసామి కొడుకున్నాడే పాపా! కళ్ళజోడు తీసి తుడుచుకుంటన్నాడు. ఆ రోజు రచ్చబండ దగ్గర అయ్య ఐదొందలూ ఇచ్చింది ఆడి చేతికేగా, లెక్కబెట్టుకున్నాడు. ఇంకా రెండు నెలల జీతం బాకీ ఉన్నారు నాకు."

"అడిగావా మరి?"

"హాలు బయట బండి తీస్తుంటే పోయి అడిగా."

"ఏమన్నాడు?"

"ఎవరు నువ్వు అన్నాడు."