కనిపించని కుట్టు

ఇంగ్లీషువాడి కోటును గురించి ఫాషను రచయితలు ఇటీవల ఒక సిద్ధాంతం లేవదీశారు. తళుకు లేదు, కంపెనీ గుర్తు పైకి కనబడదు. ముదురు నీలమో బూడిదరంగో ఉన్ని గుడ్డ, భుజానికి అమరిన కోత. సంస్కారానికి పరాకాష్ఠ ఇదేనట! నిరాడంబరత్వమట!

ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. 18వ శతాబ్దపు ప్రభువు పట్టుతో, జరీతో తన పుట్టుకను ఒంటిమీద చాటుకున్నాడు. బో బ్రమ్మెల్ ఆ జరీని తోసివేసి, ముదురు నీలం కోటునూ, గంజిపెట్టిన తెల్లని మెడగుడ్డనూ యువరాజు కొలువుదాకా తీసుకుపోయాడు. వంశం కంటె కోత ముఖ్యమనడం ఆనాటికి ముందడుగే.

అంతమాత్రాన అంతరం పోయిందా? పోలేదు. గుడ్డ పైనుంచి గుడ్డ లోపలికి జారుకున్నది. పైగుడ్డకూ అస్తరుకూ నడుమ గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు ఉంటుంది. దానిని చేతికుట్టుతో, పైకి ఒక్క పోగైనా కనబడకుండా, ఛాతీ వంపుకు మలుస్తారు. లండనులోని సావిల్ రో వీధిలో కొలిచి కుట్టే సూటుకు కనీసం 50 గంటల చేతిపని పడుతుంది. కంపెనీ గుర్తు దారినపోయేవాడికైనా తెలుస్తుంది. ఈ కుట్టు తెలిసినవాడికే తెలుస్తుంది. అందరికీ కనబడే ఆడంబరం మోటు, కొందరికే తెలిసే ఆడంబరం వినయం - ఇదెక్కడి న్యాయం?

ఇంతకూ ఆ కుట్టు కుట్టింది ఎవరు? 1846లో హెన్రీ పూల్ సావిల్ రో వైపు దుకాణం తలుపు తెరిచాడని ఫాషను చరిత్రలు గర్వంగా చెబుతాయి. 1849లో హెన్రీ మేహ్యూ అదే నగరంలో దర్జీల గడపలు తొక్కి, ఇరుకు గదుల్లో ముక్కకింత కూలికి కళ్లు పోగొట్టుకుంటున్న కుటుంబాల కథ పత్రికకెక్కించాడు. ఆ పేజీని ఆ చరిత్రలు తిప్పవు. బానిసగా బతికిన తండ్రికి పుట్టిన విలియం కఫీ లండనులో దర్జీ. 1834 దర్జీల సమ్మెలో చేరి పని పోగొట్టుకున్నాడు. చార్టిస్టు నాయకుడై, 1848లో ద్వీపాంతరశిక్షకు గురై, టాస్మేనియాలోనే కన్నుమూశాడు. నిరాడంబరత్వాన్ని కీర్తించే వ్యాసాల్లో ఇతని పేరు ఎందుకుండదు?

మేము కోటును నిందించడం లేదు. మంచి కోత మంచిదే. నేర్పుగల చెయ్యి గౌరవించదగినదే. ఆ చేతిని మరుగుపరచి, ఆ మరుగుకే అభిరుచి అని పేరుపెట్టే విమర్శను నిందిస్తున్నాము. కుట్టు కనబడకుండా కుట్టడం దర్జీ నేర్పు. దర్జీయే కనబడకుండా రాయడం విమర్శకుని నేర్పు కారాదు.