శివారు చేనుకు చేరని వంశధార

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, 250 కిలోమీటర్లకు పైగా ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో గట్లు తెంచే వరద నాలుగు రోజుల్లో కడలిపాలవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఈ నదిపై ఉన్న గొట్టా బ్యారేజీ ఎడమ కాలువ ఆయకట్టు కాగితాల మీద సుమారు 1.48 లక్షల ఎకరాలు. కానీ నందిగాం, పలాస వైపు శివారు పొలాల్లో వరి పొట్టకొచ్చే వేళ పిల్ల కాలువలో ఉండేది గుర్రపుడెక్క, పూడిక మట్టి, తుప్పుపట్టిన షట్టరు. అందుకే నా వాదన ఒకటే: కొత్త నిర్మాణాలకంటే ముందు ఉన్న కాలువల చివరి మైళ్లు బాగుపడాలి.

నదికి ఎగువన నేరడి బ్యారేజీ కడితే అన్నీ సర్దుకుంటాయంటారు. 2017లో వంశధార జల వివాదాల ట్రైబ్యునల్ తీర్పు వచ్చింది, ఆ బ్యారేజీ కట్టాల్సిందే. అయితే పైన ఎంత నీరు నిలిపినా, పూడిన కాలువ దాన్ని కిందికి మోయదు. మూలపేట పోర్టు వస్తే రైతు బాగుపడతాడన్నది మరో మాట. హైవే, హౌరా–చెన్నై రైలుమార్గం ఏనాటి నుంచో జిల్లా మీదుగానే పోతున్నాయి. అయినా ధాన్యం బస్తా కళ్లం దాటి తారు రోడ్డెక్కాలంటే బురదదారిలో ట్రాక్టరు దిగబడుతుంది. పండిన గింజ ఊరు దాటలేనిచోట ఓడరేవు ఎంత దగ్గరున్నా దూరమే. కాలువ పూడిక తీసి, గట్టునే దారిగా గట్టిపరిస్తే నీరు, బండి రెండూ కదులుతాయి. ఆ పని ఈ వేసవిలోనే, కాలువలు ఎండి ఉన్నప్పుడే మొదలవ్వాలి.