పసివారికి విషాదము చూపవచ్చునా?

పిల్లలకు చెప్పు కథలో దుఃఖమునకు చోటుండవచ్చునా అను ప్రశ్న పాతదే. కథ చివర అందరును సుఖపడవలెననియు, దుష్టునకు శిక్ష తప్పరాదనియు, పసిమనస్సు నొవ్వరాదనియు పెద్దలు కోరుట సహజము. కాని ఆ కోరికలో పిల్లలయెడ ప్రేమ ఎంత, ఇబ్బందికరమైన ప్రశ్నలను తప్పించుకొనవలెనను పెద్దల ఆరాటమెంత అని విచారించువారు తక్కువ. 2004 డిసెంబరులో అమెరికాలో విడుదలైన ‘లెమనీ స్నికెట్స్ ఎ సీరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’ అను చలనచిత్రము ఈ విచారణకు చక్కని ఆధారము. దురదృష్ట సంఘటనల పరంపర అని ఆ పేరునకు భావము.

డేనియల్ హ్యాండ్లర్ అను అమెరికా రచయిత లెమనీ స్నికెట్ అను మారుపేరుతో 1999 మొదలు 2006 వరకు 13 నవలలను పిల్లలకొరకు వెలువరించెను. వానిలో మొదటి మూడింటిని కలిపి బ్రాడ్ సిల్బర్లింగ్ దర్శకత్వమున ఈ చిత్రమును తీసిరి. ఇల్లు తగులబడి తల్లిదండ్రులను కోల్పోయిన ముగ్గురు పిల్లలు ఇందు ప్రధానపాత్రలు. 14 ఏండ్ల వయొలెట్ క్రొత్త యంత్రములను కల్పించును. తమ్ముడు క్లాస్ చదివినదేదియు మరువడు. మాటలింకను సరిగా రాని పసిపాప సన్నీకి పండ్లే ఆయుధములు. వీరి ఆస్తిని కాజేయుటకై కౌంట్ ఓలాఫ్ అను నటుడు వేషములు మార్చుచు వెంటాడును. ఆ పాత్రను జిమ్ క్యారీ ధరించెను. ముఖాలంకరణకుగాను 2005లో ఈ చిత్రమునకు ఆస్కార్ బహుమానము లభించినది.

చిత్రారంభమే ఒక ఎత్తిపొడుపు. పువ్వులు, పాటలు, చిట్టి దేవతామూర్తితో తియ్యని బొమ్మలకథ యొకటి మొదలై, చటుక్కున ఆగిపోవును. చూడబోవునది అట్టి కథ కాదనియు, ఇష్టము లేనివారు లేచిపోవచ్చుననియు కథకుడు హెచ్చరించును. పిల్లల చిత్రమనగానే పెద్దలు ఆశించు దానినే ముందు చూపి, ముందే కాదనుట ఇందలి చమత్కారము.

ఈ కథలో భయంకరుడు ఓలాఫ్ అని పైకి తోచును. తరచి చూచినచో అతనికంటె భయంకరమైనది మంచివారి అవిశ్వాసము. పిల్లల ఆస్తివ్యవహారములు చూచు బ్యాంకు ఉద్యోగి పో చెడ్డవాడు కాడు. ఊపిరాడని పనిలో, విడువని దగ్గులో, పిల్లలు చెప్పునది అతని చెవికెక్కదు. పాములను పెంచు మాంటీ ప్రేమమూర్తి. కాని క్రొత్తగా వచ్చిన సహాయకుని తన పరిశోధనను దొంగిలింపవచ్చిన వేగులవాడని భ్రమించి ప్రాణము పోగొట్టుకొనును. ఓలాఫ్ ఏ వేషమున వచ్చినను పిల్లలు తక్షణమే గుర్తింతురు. పెద్దలు గుర్తింపరు. చివరకు నాటకమను నెపమున రంగస్థలముమీదనే వయొలెట్‌ను నిజముగా పెండ్లాడి ఆస్తి చేజిక్కించుకొనవలెనని అతడు పన్నాగము పన్నును. ఎదుట కూర్చున్నవారు దానిని నాటకమనుకొనియే చూచుచుందురు. కండ్లయెదుట జరుగు అన్యాయమును వినోదమని భావించు సమాజమునకు ఇంతకంటె పదునైన వ్యంగ్యచిత్రము అరుదు.

భాష బోధించువారికి ఇందు ప్రత్యేకముగా నచ్చు ఘట్టమొకటి కలదు. మెరిల్ స్ట్రీప్ ధరించిన జోసెఫిన్ పాత్రకు వ్యాకరణమన్న ప్రాణము. తక్కిన ప్రపంచమంతయు భయము. ఆమె వ్రాసిపోయిన లేఖలో తప్పులు కనబడును. ఆమెవంటి వ్యక్తి తప్పు వ్రాయదని ఎరిగిన క్లాస్, ఆ తప్పులను పోగుచేసి వానిలో దాగిన స్థలనామమును కనుగొనును. అక్షరదోషములను పట్టగల చూపు ప్రాణరక్షణకు పనికివచ్చుట విద్యార్థులకు ఏ ఉపన్యాసముకంటెను మిన్నయైన పాఠము. ఐనను అంతటి వ్యాకరణజ్ఞానము జోసెఫిన్‌కు ధైర్యమీయలేకపోయినదను సత్యమును కూడ ఆ ఘట్టమే చెప్పుచున్నది.

విషాదము పసివారికి తగదను వాదమునకు తెలుగు పాఠశాలల చరిత్రయే సమాధానము. 1853లో పరవస్తు చిన్నయసూరి ప్రకటించిన నీతిచంద్రికను తరములు చదివినవి. అందలి మిత్రభేదమున దమనకుని కొండెములు నమ్మి పింగళకుడు ప్రాణమిత్రుడైన సంజీవకుని చంపును. కొండెగాని ఎత్తు పారును, నిర్దోషి నేలకూలును. ఆ కథ చదివి పిల్లలు చెడిపోలేదు. చెప్పుడుమాటల విషమును తెలిసికొనిరి. దుఃఖమును దాచుట కాదు, దానిని అర్థవంతముగా చెప్పుటయే పూర్వులు ఎంచుకొన్న మార్గము.

అట్లని ఈ చిత్రము నిర్దుష్టమని చెప్పరాదు. జిమ్ క్యారీ విదూషకత్వము పలుచోట్ల హద్దుమీరి, పిల్లల దుఃఖమును తెరచాటునకు నెట్టినది. మొదటి నవలలో వయొలెట్ తన తెలివితోనే పెండ్లిపత్రము చెల్లకుండ చేయును. కుడిచేతివాటము గల ఆ బాలిక ఎడమచేతితో సంతకము చేయును. చిత్రమున ఆ గౌరవము తమ్మునికి పోయినది. అతడు పెద్ద కటకముతో సూర్యకాంతిని మళ్ళించి ఆ పత్రమును కాల్చివేయును. చూచుటకు కన్నులపండువే, ఐనను బాలిక బుద్ధిబలమునకు అది లోటు. తల్లిదండ్రులనుండి ఆలస్యముగా అందిన ఉత్తరముతో ముగింపును తియ్యబరచుటయు, ఆరంభమున చేసిన హెచ్చరికనుండి కొంత వెనుకకు తగ్గుటయే. ఈ చిత్రము అన్ని వయస్సులవారికిని తగదు. పసిపిల్లలు చూచునప్పుడు పెద్దలు ప్రక్కన ఉండుట మేలు.

కాని ప్రక్కన కూర్చున్న పెద్దలు నేర్వవలసినదే ఎక్కువ. ఏ తరగతిలోనైనను తల్లినో తండ్రినో పోగొట్టుకొన్న విద్యార్థి ఉండవచ్చును. ఇంట భయపడుచు బడిలో మౌనముగా కూర్చున్న బాలిక ఉండవచ్చును. లోకమంతయు సుఖమయమను కథలు అట్టివారిని మరింత ఒంటరిని చేయును. తమవంటి దుఃఖము కథలలోనున్నదని తెలిసిన బిడ్డకు తన దుఃఖమును చెప్పుకొనుటకు మాట దొరకును. ఆ మాట దొరికిననాడు వినుటకు ఒక పెద్దమనిషి సిద్ధముగా ఉండవలెను. పాఠము ముగిసిన పిదప బల్లయొద్దకు వచ్చి ఏదియో చెప్పబోయి ఆగిపోయిన విద్యార్థిని, పో వలె గడియారము చూపి పంపివేయని ఉపాధ్యాయుడే ఈ చిత్రమును సరిగా చూచినవాడు.