పెట్రోలు ఇంజనుకు నీళ్ల కిట్టు పెట్టించాలా?

ఇంజనులోకి సన్నగా నీళ్లు చిమ్మితే నాకింగ్ తగ్గుతుందని, పవర్ పెరుగుతుందని వీడియోలు తిరుగుతున్నాయి. మా తైవాన్ స్ప్రేయరుకో, ట్రాక్టరుకో అలాంటి కిట్టు పెట్టించుకోవచ్చా అని కాకినాడ, కోనసీమ వైపు రైతులు అడుగుతున్నారు. వద్దు. అయితే అందులో చెప్పేదంతా అబద్ధమూ కాదు, చిక్కు అక్కడే ఉంది.

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన ఆవిరి ప్లగ్గు రవ్వతో అంటుకుని వరసగా కాలాలి. లోపల వేడి, ఒత్తిడి మితిమీరితే మంట చేరకముందే మిగిలిన ఆవిరి ఒక్కసారిగా పేలుతుంది. మీకు వినిపించే టకటక చప్పుడు అదే. నీరు ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ వేడిని లాగేస్తుంది కాబట్టి ఆ పేలుడు ఆగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పి-47 విమానాలకు ఈ ఏర్పాటు ఉండేది. 2016లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారులోనూ ఉంది. ఆ రెండింటిలోనూ గాలిని బలవంతంగా నెట్టే యంత్రం ఉంటుంది. పవర్ వచ్చేది ఆ అదనపు గాలి, ఇంధనం వల్ల. నీరు కాలదు, ఇంజనును కాపాడుతుంది, అంతే. మీ స్ప్రేయరులో గాలిని నెట్టేదే లేనప్పుడు నీరు కాపాడేదేముంది?

ట్రాక్టరు, డీజిల్ పంపుసెట్టు సంగతి వేరు. డీజిల్ ఆలస్యంగా అంటుకుంటే ఇంజను కొడుతుంది. నీళ్లు చల్లబరిస్తే ఇంకా ఆలస్యమవుతుంది. నాజిల్, పంపు టైమింగ్ చూపించండి. నీళ్లతో బండి నడుస్తుందనే ఆశ మనకు కొత్త కాదు. తమిళనాడులో రామర్ పిళ్లై 1996లో మూలికలతో పెట్రోలు తయారుచేశానని దేశమంతటినీ ఊరించాడు, 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ల శిక్ష వేసింది.

అసలు చల్లబరిచే సరుకు ఇప్పటికే మీ ట్యాంకులో ఉంది. 2023 ఫిబ్రవరిలో ఇ20 పెట్రోలు మొదలైంది, 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. అందులో ఇరవై శాతం ఇథనాల్. అది పెట్రోలు కంటే రెండు రెట్లకు పైగా వేడిని లాగుతుంది, ఆక్టేన్ కూడా ఎక్కువ. గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డి ఇథనాల్ ఫ్యాక్టరీకి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. మన నూకలు, మొక్కజొన్నే అలాంటి ఫ్యాక్టరీలకు ముడిసరుకు. ధర దక్కితే రైతుకు మంచిదే. కానీ లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ, మైలేజీ కొంత తగ్గుతుంది. ఆ తేడా బంకు ధరలో కనిపించాలని అడగడం తప్పేమీ కాదు.

మీరు భయపడాల్సింది చెప్పకుండా చేరే నీటికి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో, మూత వదులైన ట్యాంకులో ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగుతాయి. పైన మిగిలే పెట్రోలుకు ఆక్టేన్ తగ్గి నాకింగ్ మొదలవుతుంది. టూ స్ట్రోక్ స్ప్రేయరు, బ్రష్ కట్టర్‌కు ముప్పు ఇంకా ఎక్కువ. మీరు కలిపిన టూటీ ఆయిల్ పై పెట్రోలులోనే ఉండిపోతుంది, ఇంజను పీల్చేది అడుగు నుంచి. ఆయిల్ అందక పిస్టను పట్టేస్తుంది. ఒక సీజనుకు మందు కొట్టే మిషను అలా పోతే బాగుచేయించే ఖర్చు చిన్న రైతుకు చిన్నది కాదు.

అందుకే సార్వా మందులు అయ్యాక ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా తిప్పండి, కార్బురేటర్‌లో చుక్క మిగలకూడదు. దాళ్వాకు కొత్త పెట్రోలు పోయండి. పాతది వాడక తప్పకపోతే గాజు సీసాలో పోసి పావుగంట ఉంచండి. రెండు పొరలుగా కనిపిస్తే పారబోయండి, వడకట్టినా బాగుపడదు. పాత మిషన్లలో పెట్రోలు పైపులు మెత్తబడ్డాయో, పగుళ్లిచ్చాయో కూడా చూడండి.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి వానల్లో ఇంజను మునిగితే వెంటనే స్టార్టు చేయొద్దు. నీరు నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గు తీసి, తాడు మెల్లగా లాగి సిలిండరులో నీళ్లు బయటికి పంపండి. ట్యాంకు కడిగి, ఇంజను ఆయిల్ ఉన్న మిషనైతే అదీ మార్చి, ఆ తర్వాతే స్టార్టు చేయండి.